రైన్ నదిలో వేడి, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్

జనవరిలో రైన్ నది నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. అయిదారు డిగ్రీల సెల్సియస్ ఉండే ఆ నీళ్లలోంచి వేడి తోడి ఊళ్లో ఇళ్లను వెచ్చగా ఉంచుతున్నారంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. జర్మనీ నైరుతి భాగంలోని మన్‌హైమ్ నగరంలో 2023 శరదృతువు నుంచి జరుగుతున్నది అదే. పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం ఉన్న ఆవరణలోనే ఎంవీవీ అనే సంస్థ ఒక భారీ హీట్ పంపును నిలబెట్టింది. ఆ సంస్థలో సగానికి పైగా వాటా మన్‌హైమ్ నగరానిదే.

వేడి బొత్తిగా లేని స్థితి మైనస్ 273 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడి నుంచి చూస్తే అయిదు డిగ్రీల నీళ్లలో కావలసినంత వేడి ఉన్నట్టే. ఉన్నచోట అది మనకు పనికిరాదు, అంతే. పనికొచ్చే చోటికి దాన్ని ఎక్కించాలి. ఇంట్లో ఫ్రిజ్ చేసేదీ ఈ పనే: లోపల పెట్టిన కూరగాయల వేడిని లాగి, వెనకవైపు నుంచి వంటింట్లోకి వదులుతుంది. హీట్ పంపులో సున్నాకు ఎంతో దిగువనే మరిగే ద్రవం ఒకటి ఉంటుంది. చల్లటి నది నీటి వేడి తగిలినా చాలు, అది ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కితే దాని ఉష్ణోగ్రత పైకెక్కుతుంది. అలా వేడెక్కిన ఆవిరి తన వేడిని నగరమంతా తిరిగే గొట్టాల్లోని నీటికి ఇచ్చి మళ్లీ ద్రవమవుతుంది.

మన్‌హైమ్ పంపు సుమారు 7 మెగావాట్ల కరెంటు తీసుకుని 20 మెగావాట్ల వేడి ఇస్తుంది. తేడా 13 మెగావాట్లు నది పెట్టిన పెట్టుబడి. నది దగ్గర నుంచి ఇది ఎంత తీసుకున్నట్టు? లెక్క కష్టమేం కాదు. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే దాదాపు 42 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. అంటే సెకనుకు ఒక ఘనపు మీటరు నీళ్లను మూడు డిగ్రీలు చల్లబరిస్తే 13 మెగావాట్లకు కాస్త అటూఇటూగా వస్తుంది. మన్‌హైమ్ దగ్గర రైన్‌లో సెకనుకు సగటున వెయ్యి ఘనపు మీటర్లకు పైగా నీళ్లు పారుతాయి. నదికి తెలియనంత తక్కువ తీసుకుని, మూడున్నర వేల ఇళ్లకు సరిపోయే వేడి ఇస్తున్నారు. ఈ ఆవరణలోనే ఇంతకు ఎన్నో రెట్లు పెద్ద పంపులు పెడతామని కూడా సంస్థ ప్రకటించింది.

ఇక్కడివరకు వింటే కథ సుఖాంతం అనిపిస్తుంది. బొగ్గు పొయ్యి పక్కన నది పంపు పెట్టాం, సమస్య తీరింది అని. నా అభిప్రాయంలో ఇదంతా సులువైన సగమే. పంపు ఒక్కచోట ఉంటుంది, దాన్ని ఇంజనీర్లు చూసుకుంటారు. కష్టమైన సగం ఇళ్లల్లో, వీధుల్లో, నేల కింద గొట్టాల్లో ఉంది. దాన్ని మోయవలసింది నగర సంస్థలే.

ఉదాహరణకు ఉష్ణోగ్రత సంగతే తీసుకుందాం. మన్‌హైమ్ పంపు నీటిని 99 డిగ్రీల దాకా వేడి చేయగలదు. పాత ఇళ్లలో గోడలకు బిగించిన చిన్న రేడియేటర్లకు అంత వేడి నీళ్లు పంపితేగాని గది వెచ్చబడదు మరి. కానీ హీట్ పంపు ఎంత ఎత్తుకు వేడిని ఎక్కిస్తే అంత ఎక్కువ కరెంటు తింటుంది. ఉష్ణగతిశాస్త్రం ప్రకారం లెక్కేస్తే, అయిదు డిగ్రీల నుంచి 99కి ఎక్కించే బదులు 70కి ఎక్కిస్తే చాలనుకున్నప్పుడు, కనీసం కావలసిన కరెంటు నాలుగో వంతు తగ్గిపోతుంది. ఆ నాలుగో వంతు ఆదా కావాలంటే వేలాది ఇళ్లలో రేడియేటర్లు మార్చాలి, గోడలకూ కిటికీలకూ వేడి జారిపోకుండా కవచం వేయాలి. కేంద్రంలో మీట నొక్కితే అయ్యే పని కాదది. ఇంటి యజమానితో మాట్లాడాలి, అద్దెకున్నవాళ్లతో మాట్లాడాలి. జర్మనీలో సగానికి పైగా జనం అద్దె ఇళ్లలోనే ఉంటారు. కొత్త రేడియేటర్ ఖర్చు ఎవరు పెట్టాలి, దాని లాభం ఎవరికి దక్కాలి అన్న తగువు ప్రతి మెట్లదారిలోనూ ఉంది.

ఈ నగర సంస్థలను జర్మనీలో స్టాడ్ట్‌వెర్కె అంటారు. చాలా ఊళ్లలో కరెంటు, గ్యాస్, మంచినీళ్లు, వేడి నీళ్లు అన్నీ ఒకే సంస్థ చేతిలో ఉంటాయి. ట్రాములు, బస్సులు, ఈత కొలనులు కూడా వాటివే. వీటి సంఘంలో 1,500కు పైగా సభ్యసంస్థలున్నాయి. కరెంటు, గ్యాస్ అమ్మకాల మీద వచ్చిన లాభంతో బస్సుల నష్టం, కొలనుల నష్టం పూడ్చడం దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి. ఊరి పిల్లలు ఈత నేర్చుకునే ఖర్చు ఊరి గ్యాస్ బిల్లులోంచి వస్తుందన్నమాట. గ్యాస్ అమ్మకం ఆగితే ఆ కొలను సంగతేమిటి? ఈ ప్రశ్నకు ఒక్క హీట్ పంపు జవాబు చెప్పదు.

ఎదురుదెబ్బ తగిలితే ఎలా ఉంటుందో తూర్పు జర్మనీలోని గేరా పట్టణం చూసింది. 2014లో అక్కడి నగర సంస్థ దివాలా పిటిషన్ వేసింది. నగరం చేతిలో ఉన్న సంస్థ దివాలా తీయదనే ధీమా దేశమంతటా ఒక్కసారిగా సడలింది.

ఇప్పుడు గ్యాస్ సంగతి. జర్మనీ ఇళ్లలో దాదాపు సగం గ్యాస్‌తోనే వెచ్చబడతాయి. 2045 నాటికి దేశం కర్బన తటస్థత సాధించాలన్నది చట్టం. మరి నేల కింద పరిచిన ఆ గొట్టాల గతి? 2024 నవంబరులో ఎంవీవీ తడుముకోకుండా చెప్పేసింది: మన్‌హైమ్‌లో గ్యాస్ సరఫరా వలయాన్ని 2035 కల్లా ఆపే ఆలోచనలో ఉన్నామని. ఊళ్లో గగ్గోలు పుట్టింది. నిన్నమొన్న కొత్త గ్యాస్ బాయిలర్ బిగించుకున్నవాళ్ల కోపం అర్థం చేసుకోదగ్గదే. అయినా ముందుగా చెప్పడమే మంచిపని అని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

ఒక ఊళ్లో పదివేల ఇళ్లకు గ్యాస్ గొట్టాలున్నాయనుకుందాం. వాటి నిర్వహణకు ఏడాదికి కోటి యూరోలు ఖర్చవుతుందనుకుందాం. ఇంటికి వెయ్యి యూరోలు పడుతుంది. హీట్ పంపు కొనుక్కోగలిగినవాళ్లు ఆరువేల మంది గ్యాస్ మానేశారు. గొట్టాల పొడవు తగ్గలేదు, లీకులు వెతికే సిబ్బంది తగ్గలేదు, ఖర్చు దాదాపు అంతే ఉంది. మిగిలిన నాలుగువేల ఇళ్ల మీద తలా 2,500 యూరోలు పడుతుంది. దాంతో ఇంకొందరు మానేస్తారు, భారం ఇంకా పెరుగుతుంది. చివరిదాకా ఉండిపోయేది ఎవరు? సొంత నిర్ణయం చేతిలో లేని అద్దెదారులు, అప్పు పుట్టని ముసలివాళ్లు, చేతిలో డబ్బు ఆడని కుటుంబాలు. గడువు చెప్పకుండా గొట్టాలను అలా వదిలేస్తే జరిగేది ఇదే. పదేళ్ల ముందు చెబితే ఎవరి వీధికి వేడి నీళ్ల గొట్టం వస్తుందో, ఎవరు సొంత పంపు పెట్టుకోవాలో, ఎవరికి సాయం అందించాలో లెక్క వేసుకోవచ్చు. గొట్టాల విలువను త్వరగా తరిగించి లెక్కల్లోంచి తీసేయడానికి జర్మనీ నియంత్రణ మండలి 2024లో వీలు కల్పించింది. అంటే వాడకందార్లు ఇంకా ఎక్కువమంది ఉన్నప్పుడే పాత పెట్టుబడి వసూలైపోవాలని. ఇది లెక్కలవాళ్ల పనిలా కనిపిస్తుంది గానీ, చివర్లో మిగిలిపోయే ఆ బీద ఇంటికి ఇంతకన్నా పెద్ద రక్షణ లేదు.

గ్యాస్ వదిలినవాళ్లంతా కరెంటు వైపు వస్తారు. అక్కడ నగర సంస్థకు రెండో పరీక్ష మొదలవుతుంది.

జర్మన్ వీధి చివర చిన్న గది అంత పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. వంద చిల్లర ఇళ్లకు 400 లేదా 630 కేవీఏ సామర్థ్యం గలది సరిపోతుందని పాతకాలపు ఇంజనీర్లు తేల్చారు. తేల్చినప్పుడు వాళ్లు నమ్ముకున్నది ఒక సంభావ్యత: అందరూ ఒకే నిమిషంలో ఇస్త్రీ పెట్టె పెట్టరు, ఒకే నిమిషంలో వంట చేయరు. అందుకే ఇంటికి పది కిలోవాట్లు వాడగలిగే వైరింగ్ ఉన్నా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సగటు ఇంటికి రెండు కిలోవాట్ల లెక్క చాలింది. ఇప్పుడు ఆ వీధిలో ముప్పై ఇళ్లవాళ్లు ఎలక్ట్రిక్ కార్లు కొన్నారనుకోండి. ఒక్కో ఛార్జర్ 11 కిలోవాట్లు. సాయంత్రం ఆరింటికి అందరూ ఇంటికొచ్చి తగిలిస్తే 330 కిలోవాట్లు అక్కడే అయిపోయాయి. దానికి తోడు బయట మంచు పడుతున్నప్పుడు హీట్ పంపులన్నీ కట్టకట్టుకుని తిరుగుతాయి, ఎందుకంటే చలి అందరికీ ఒకేసారి వేస్తుంది. పాత సంభావ్యత అక్కడితో చెల్లదు. ఎండాకాలం మధ్యాహ్నం ఇందుకు సరిగ్గా తలకిందులు: అన్ని కప్పుల మీదా సోలార్ పలకలు ఒక్కసారే ఉత్పత్తి చేస్తాయి, కరెంటు ఇళ్లలోంచి ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎదురు పారుతుంది, వీధి కొసన వోల్టేజీ 230 నుంచి పైకి పాకుతుంది. ప్రమాణం ఒప్పుకునేది పది శాతం వరకే. అది దాటబోతే ఇన్వర్టర్లు ఆగిపోతాయి.

ఇదంతా జరుగుతున్నప్పుడు నగర సంస్థకు కనిపించేదేమిటి? చాలా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెల్లో ఇటీవలి దాకా ఉన్నది ముళ్లతో చూపే కొలమానం. దానికి రెండు ముళ్లుంటాయి. ఒకటి ఇప్పుడు పారుతున్న కరెంటు చూపుతుంది. రెండోదాన్ని మొదటిది తనతో పాటు పైకి నెట్టుకుపోయి, గరిష్ఠం దగ్గర వదిలేసి వస్తుంది. ఏడాదికోసారి ఒక లైన్‌మన్ వచ్చి తాళం తీసి, ఆ రెండో ముల్లు ఎక్కడ ఆగిందో పుస్తకంలో రాసుకుని, దాన్ని మళ్లీ కిందికి దించి వెళ్లేవాడు. గరిష్ఠం ఎంతో తెలిసేది. ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు నిలిచిందో, డిసెంబరు రాత్రిదో జూన్ మధ్యాహ్నానిదో తెలిసేది కాదు. మార్పు నెమ్మదిగా సాగిన కాలానికి అది చాలింది. ఇప్పుడు ఒక్క వీధిలో రెండేళ్లలో ఇరవై హీట్ పంపులు వచ్చిపడుతుంటే చాలదు.

2024 జనవరి 1 నుంచి జర్మనీలో కొత్త నిబంధన అమల్లో ఉంది. కొత్తగా పెట్టే హీట్ పంపులకు, కారు ఛార్జర్లకు సరఫరా సంస్థ అనుమతి నిరాకరించకూడదు. వీధిలో లోడు మించిపోయే ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం ఆ పరికరాన్ని తాత్కాలికంగా తగ్గించవచ్చు, అదీ 4.2 కిలోవాట్లకు తక్కువ కాకుండా. అందుకు ప్రతిఫలంగా వాడకందారుకు వైర్ల రుసుములో తగ్గింపు ఉంటుంది. నాకు ఇది చక్కని రాజీగా తోస్తుంది: కారు రాత్రంతా ఛార్జింగుకు ఉంటుంది, గంటసేపు నెమ్మదిస్తే తెల్లారేసరికి తేడా పడదు. కానీ తగ్గించాలంటే ముందు చూడగలగాలి. కొలిచే పరికరం, స్మార్ట్ మీటరు, ఆజ్ఞ అందుకునే పెట్టె, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్, దాన్ని చదవగలిగే మనిషి అన్నీ కావాలి. మ్యూనిక్ లాంటి మహానగరపు సంస్థకు వేలాది సిబ్బంది ఉన్నారు. ఇరవైవేల జనాభా ఊరి సంస్థలో వైర్ల ఇంజనీర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. చట్టం మాత్రం ఇద్దరికీ ఒకటే.

చిన్నవన్నీ కలిస్తే ఎంత పెద్దవవుతాయో జర్మనీ ఒకసారి గట్టెక్కిన గండం చెబుతుంది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ తాకగానే సోలార్ ఇన్వర్టర్లు విడిపోవాలని పాత నియమం ఉండేది. సోలార్ కొద్దిగా ఉన్న రోజుల్లో అది జాగ్రత్తే. కానీ పలకలు వేల మెగావాట్లకు పెరిగాయి. అప్పుడు ఫ్రీక్వెన్సీ ఆ గీత తాకితే అవన్నీ ఒక్క క్షణంలో మాయమయ్యేవి. యూరప్ గ్రిడ్ అత్యవసరానికి అట్టేపెట్టుకునేదేమో 3,000 మెగావాట్లు. 2012లో ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది, మూడు లక్షలకు పైగా పాత సోలార్ యూనిట్లను సరిచేయవలసి వచ్చింది. ఇంటి యజమానులకు ఉత్తరాలు రాసి, మెకానిక్కులను పంపించి ఆ పని చేయించింది స్థానిక సరఫరా సంస్థలే. దేశాన్ని చీకటి నుంచి కాపాడిన పని అది.

చిన్న సంస్థలకు సాయం అంటే ఏమిటో ఇక్కడ అడగాలి. డబ్బు కావాలి, నిజమే. ఒంటరిగా చేయలేనిది జట్టుగా చేసుకోవడం వీళ్లకు కొత్త కాదు. 1999లో ఆఖెన్ నగరంలో పుట్టిన ట్రియానెల్ నగర సంస్థల ఉమ్మడి కంపెనీ. ముప్పైకి పైగా సంస్థలు కలిసి ఉత్తర సముద్రంలో బోర్కుం ద్వీపం దగ్గర నలభై గాలిమరలు, 200 మెగావాట్లు, 2015లో నడిపించాయి. అదే కూటమి ల్యూనెన్‌లో 750 మెగావాట్ల బొగ్గు కేంద్రం కట్టింది. అది 2013లో మొదలయ్యేసరికి టోకు మార్కెట్లో కరెంటు ధరలు పడిపోయి ఉన్నాయి. వాటాదారులైన ఊళ్లు నష్టాలు మోశాయి. జట్టు కట్టినంత మాత్రాన తప్పుడు పందెం ఒప్పు కాదు.

డబ్బుకన్నా ముందు కావలసింది పటం. 2024 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం లక్షకు పైబడిన జనాభా ఉన్న నగరాలు 2026 జూన్ చివరికి, మిగతావి 2028 జూన్ చివరికి తాపన ప్రణాళిక తయారుచేయాలి. ఏ ఇంటికి ఎంత వేడి కావాలి, ఆ ఇల్లు ఎప్పుడు కట్టారు, దగ్గర్లో నది ఉందా, మురుగునీటి శుద్ధి కేంద్రం ఉందా, వేడి వృథాగా వదిలే ఫ్యాక్టరీ ఉందా అని వీధివీధినా చూసి, ఎక్కడ ఉమ్మడి గొట్టం వేయాలో, ఎక్కడ ఎవరి పంపు వారిదో పటం మీద రంగులు వేయాలి. ఈ పనిలో పురపాలకులకు చెయ్యి అందించడానికి హాలె నగరంలో 2022లో ఒక సలహా కేంద్రం పెట్టారు. నమూనా పత్రాలు, లెక్కల పద్ధతులు, ఎక్కడ ఎవరు ఏం చేశారన్న సమాచారం అక్కడ దొరుకుతాయి. ప్రతి ఊరూ ఓనమాల నుంచి మొదలుపెట్టే దుస్థితి తప్పుతుంది.

డెన్మార్క్ ఈ పని 1979లోనే మొదలుపెట్టింది. చమురు సంక్షోభం దెబ్బ తగిలి, ఉష్ణ సరఫరా చట్టం చేసి, ఊరిఊరికీ ప్రణాళిక వేయించింది. నేడు అక్కడ మూడింట రెండొంతుల ఇళ్లకు వేడి ఉమ్మడి గొట్టాల్లో వస్తుంది, దానిమీద లాభం తీయకూడదన్నది సూత్రం. అందుకే ఎస్బ్యెర్ రేవులో బొగ్గు కేంద్రం 2024లో మూతపడ్డా, సముద్రపు నీటినుంచి వేడి తీసే 70 మెగావాట్ల పంపులను పాత గొట్టాలకే తగిలించగలిగారు. బొగ్గుకు పరిచిన గొట్టాలే సముద్రానికీ పనికొచ్చాయి.

మన దగ్గర ఇళ్లను వెచ్చబెట్టే బాధ లేదు. కానీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ సమస్య ఉంది, రోజురోజుకూ దగ్గరపడుతోంది. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల కప్పుల మీద సోలార్ పెట్టించాలనుకుంటోంది. ఏప్రిల్, మే రాత్రుల్లో ఏసీలన్నీ ఒకేసారి తిరుగుతాయి. మనకు ఉక్క కూడా అందరికీ ఒకేసారి పోస్తుంది.

మనకు దాదాపు లేనిది, కరెంటు బాధ్యత తీసుకునే ఊరి సంస్థ. ముంబైలో బెస్ట్ సంస్థ నగరపాలక సంస్థ చేతికి 1947లో వచ్చింది, కరెంటూ బస్సులూ రెండూ నడుపుతోంది. తెలుగునాట ఆ ఛాయలు సిరిసిల్లలో కనిపిస్తాయి. 1970 నాటి సహకార విద్యుత్ సరఫరా సంఘం మరమగ్గాలకూ, పొలాల మోటార్లకూ, ఇళ్లకూ కరెంటు ఇస్తోంది. వాడుకునేవాళ్లే అందులో సభ్యులు, ఓటు వేసి డైరెక్టర్లను ఎన్నుకుంటారు. మిగతాచోట్ల దాదాపు అంతా పెద్ద డిస్కంలే. వీధి సంగతి తెలిసిన మునిసిపాలిటీకి వైర్ల మీద మాట లేదు, వైర్లున్న డిస్కంకు ఊరి ప్రణాళిక మీద మాట లేదు. కొత్త అపార్టుమెంటుకు అనుమతి ఒకచోట, దానికి ట్రాన్స్‌ఫార్మర్ ఇంకోచోట.

అయినా మునిసిపాలిటీల చేతిలో ఒక పెద్ద పనిముట్టు ఉంది: మంచినీళ్ల పంపులు. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి ఎక్కి రావాలి. వెయ్యి లీటర్లను 400 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే, గొట్టాల్లో ఘర్షణ, పంపు నష్టాలు కలపకముందే, ఒక యూనిట్‌కు పైగా కరెంటు కావాలి. నీళ్లు నిలవ ఉంటాయి, కరెంటు ఉండదు. రిజర్వాయర్లకు చోటు ఉన్నంతమేర పంపింగును సోలార్ పుష్కలంగా ఉండే పగటివేళకు జరిపితే, బ్యాటరీ కొనకుండానే నగరానికి బ్యాటరీ ఉన్నట్టు. సోలార్ వేళల్లో కరెంటు చవకగా, సాయంత్రం పీక్ వేళల్లో ఖరీదుగా ఉండాలని కేంద్రం 2023లో నియమాలు సవరించింది. ఆ తేడా నీటి బోర్డులకు దక్కేలా చూస్తే మునిసిపల్ బిల్లులోనే మొదటి పొదుపు కనిపిస్తుంది.

ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. డిస్కం ఏఈ, మునిసిపల్ ఇంజనీరు, టౌన్ ప్లానింగ్ అధికారి ఒకే బల్ల దగ్గర కూర్చుని, వార్డువారీగా ట్రాన్స్‌ఫార్మర్ల పటం గీయాలి: దేని సామర్థ్యం ఎంత, దాని కింద ఎన్ని ఇళ్లు, ఎన్ని కప్పుల మీద సోలార్, ఎన్ని ఛార్జర్లు. ఆ పటాన్ని కౌన్సిల్ ముందు పెట్టి, అందరికీ కనబడేలా గోడకు అంటించాలి. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని కేవీఏ అని రాసి ఉందో ఈసారి ఆగి చూడండి. దానికింద ఎంత లోడు నడుస్తోందో, ఇంకెంత సోలార్‌కు చోటుందో కరెంటు ఆఫీసుకు వెళ్లి అడగండి, మీ కౌన్సిలర్‌నూ అడగమనండి.